ఫౌండ్రీలో సిలికా దుమ్ము: మాస్కు కంటే ముందు చేయాల్సిన పనులు

ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోతపోసే కార్ఖానా. అక్కడి ఇసుకలోని సిలికా సన్నపొడి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఫౌండ్రీలో దుమ్ము ఎక్కువగా ఉందని ఇన్‌స్పెక్టరో, కస్టమర్ పంపిన ఆడిటరో అనగానే మన దగ్గర మొదట జరిగేది మాస్కుల పెట్టె తెప్పించడం. రెండోది గోడకు ఇంకో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించడం. అంతటితో ఫైలు మూసేస్తారు. ఆ రెండిటికీ ముందు చేయాల్సిన పనులు బోలెడు. వాటిలో సగానికి పెద్ద ఖర్చు కూడా లేదు, పని చేసే వరస మార్చుకుంటే చాలు.

ఇక్కడ రాస్తున్నదంతా గ్రీన్ శాండ్ మౌల్డింగ్ (తడి ఇసుకతో అచ్చులు, అంటే మౌల్డులు చేయడం), ఇండక్షన్ ఫర్నేస్ (కరెంటు కాయిల్‌తో ఇనుము కరిగించే కొలిమి) ఉన్న చిన్న, మధ్యస్థాయి ఐరన్ ఫౌండ్రీల గురించి. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు కనిపించే రకం. కోయంబత్తూరు, కొల్హాపూర్, రాజ్‌కోట్ యూనిట్లలోనూ సమస్య ఇదే, పరిష్కారమూ ఇంచుమించు ఇదే.

ఇసుక పలుకు కాదు, దాని పొడి

గూడూరు, చీరాల వైపు నుంచి మనకు వచ్చే మౌల్డింగ్ ఇసుకలో పలుకు సైజు చాలావరకు 200 నుంచి 300 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది ఊపిరితిత్తుల్లోకి పోదు, ముక్కులోనే ఆగిపోతుంది. చేటు చేసేది 10 మైక్రాన్ల లోపు పొడి. అందులోనూ 4 మైక్రాన్లు, అంతకంటే సన్నగా ఉన్నదే ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లి కూర్చుంటుంది. 1 మైక్రాన్ క్వార్ట్జ్ (ఇసుకలోని సిలికా స్ఫటికం) రేణువు మనిషి తల ఎత్తు నుంచి నేలకు దిగాలంటే, గాలి అసలు కదలని గదిలో కూడా నాలుగైదు గంటలు పడుతుంది. కాబట్టి నాకౌట్ (పోత చల్లారాక మౌల్డు పగలగొట్టడం) అయిపోయి గాలి తేటపడినట్టు కనిపించాక వచ్చి పక్కనే కోర్లు (పోతవస్తువు, అంటే కాస్టింగ్, లోపల బోలు కోసం మౌల్డులో పెట్టే ఇసుక దిమ్మెలు) సర్దుకునేవాడు కూడా దాన్నే పీలుస్తుంటాడు.

ఇంత సన్నపొడి ఎక్కడి నుంచి వస్తుంది? క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. కరిగిన ఇనుము తగిలిన ప్రతి పోతలోనూ మౌల్డు ముఖం మీది పలుకులు ఆ గీత దాటి పగుళ్లిస్తాయి. ఇసుక కలిపే మల్లర్ యంత్రం చక్రాల కింద నలుగుతాయి, నాకౌట్ సుత్తి కింద చితుకుతాయి, గ్రైండింగ్ డిస్కు కింద పిండి అవుతాయి. అప్పుడే పగిలిన ముఖాలున్న పొడి, పాతబడిన పొడి కంటే ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేస్తుంది. కాస్టింగ్‌కి అంటుకుని కాలిన ఇసుకలో, ఫర్నేస్ లైనింగ్ (వేడి తట్టుకునేలా లోపల వేసే పూత) లోపలి పొరలో క్వార్ట్జ్ కొంత క్రిస్టోబలైట్ అనే మరో సిలికా రూపంగా మారి ఉంటుంది. దానికి 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు పెట్టిన పరిమితి క్వార్ట్జ్ పరిమితిలో సగమే.

పరిమితుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ షెడ్యూలులో క్వార్ట్జ్‌కి సూటిగా ఒక అంకె ఉండేది కాదు, సూత్రం ఉండేది: 10ని, రెస్పిరబుల్ డస్టులో (ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్లే సన్నపొడిలో) ఉన్న క్వార్ట్జ్ శాతానికి 2 కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చేది ఘనమీటరు గాలిలో ఉండదగ్గ రెస్పిరబుల్ డస్టు, మిల్లీగ్రాముల్లో. శాంపిల్‌లో 20 శాతం క్వార్ట్జ్ ఉంటే 10ని 22తో భాగిస్తే 0.45 మిల్లీగ్రాములు. అందులో క్వార్ట్జ్ వాటా సుమారు 90 మైక్రోగ్రాములు. అమెరికా పని భద్రతా సంస్థ ఓషా 2016లో తెచ్చిన రూలు ప్రకారం గాలిలో సిలికా 8 గంటల సగటు 50 మైక్రోగ్రాములు దాటకూడదు, 25కి చేరగానే చర్యలు మొదలుపెట్టాలి. వాళ్ల పరిశోధన సంస్థ నియోష్ ఆ 50 అంకెను 1974లోనే సిఫారసు చేసింది. ఆ చట్టం గీసిన గీత లోపల ఉన్నాం కదా అని ఊరుకునే యజమానులకు ఈ తేడా తెలియాలి. నా మటుకు లక్ష్యం 50గానే పెట్టుకోవాలంటాను. షిఫ్టులో మనిషి పీల్చే గాలి సుమారు 10 ఘనమీటర్లు. అంటే 50 దగ్గర రోజుకు లోపలికి వెళ్లేది అర మిల్లీగ్రాము, ఒక్క చక్కెర పలుకంత.

రోజు లెక్కని నిర్ణయించేది ముప్పావుగంట

దుమ్ము తగ్గించాలనుకున్నవాళ్లు షాపు మొత్తం మీద పడతారు. లెక్క వేసి చూస్తే అంత అవసరం ఉండదు. ఒక మనిషి షిఫ్టులో 45 నిమిషాలు 800 మైక్రోగ్రాముల గాలిలో లైనింగ్ కొట్టాడనుకుందాం. మిగతా ఏడుంపావు గంటలు 25 దగ్గర ఉన్నాడు. 8 గంటల సగటు 98 వస్తుంది. ఇప్పుడు నానా తంటాలు పడి షాపంతా శుభ్రం చేసి ఆ 25ని 10కి దించినా సగటు 84. షాపు జోలికి పోకుండా ఆ ముప్పావుగంట పనిని 800 నుంచి 150కి దించితే సగటు 37. డబ్బు, శ్రమ ఎక్కడ పెట్టాలో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ఇలా పొడి ఒక్కసారిగా లేచే పనులు చాలా ఫౌండ్రీల్లో ఇవే: ఫర్నేస్ పాత లైనింగ్ కొట్టేయడం, లాడిల్ (కరిగిన ఇనుము మోసే పాత్ర) గీకడం, నాకౌట్, ఇసుక అంటుకున్న కాస్టింగ్‌ని గ్రైండ్ చేయడం, కోర్ రంధ్రాల్లో ఇసుకను కంప్రెసర్ గాలితో ఊదడం, పొడి చీపురుతో ఊడవడం, డస్ట్ కలెక్టర్ సంచులు మార్చడం. మౌల్డింగ్ ఈ జాబితాలో లేదు. ఇసుక తడిగా ఉన్నంతసేపు మౌల్డర్ దగ్గర దుమ్ము తక్కువే. కానీ విజిటర్లు ముందుగా చూసేది మౌల్డింగ్ లైనే కాబట్టి కొత్త ఫ్యాన్లన్నీ అక్కడే తేలతాయి.

ఏ పనిలో ఎంత లేస్తుందో చూడటానికి ముందుగా ల్యాబు అక్కర్లేదు. రేకు చిల్లులోంచి ఎండ పడినప్పుడు ఆ గీతలో దుమ్ము తేలడం అందరూ చూసిందే. అదే పని టార్చితో చేయాలి. మంచి వెలుతురున్న, కిరణం సన్నగా పడే టార్చిని స్టాండుకు బిగించి, పనివాడి ముందు నుంచి దుమ్ము లేచే చోటు గుండా పోయేలా పెట్టాలి. చూసేవాడు టార్చికి ఎదురుగా, కిరణానికి కాస్త పక్కగా నిలబడి, సూటి వెలుతురు కంట్లో పడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని వెలుగు వైపే చూడాలి. టార్చి పక్కన నిలబడి చూస్తే ఏమీ కనబడదు. సన్నపొడి కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడుతుంది. ఆ కోణంలో ఫోనుతో వీడియో తీసి పనివాళ్లకు చూపిస్తే ఆ తర్వాత లెక్చర్లు అక్కర్లేదు. దుమ్ము లాగే హుడ్డు పక్కనే ఉన్నా పొగలాంటి దుమ్ము దాన్ని లెక్కచేయకుండా ముఖం మీదుగా పైకి పోవడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

అంకె కావాలంటే మాత్రం పర్సనల్ శాంపిలింగే. నడుముకి పంపు, కాలర్‌కి సైక్లోన్ (లావు పొడిని వేరు చేసే చిన్న గొట్టం), అందులో 37 మిల్లీమీటర్ల పీవీసీ ఫిల్టరు. నైలాన్ సైక్లోన్ అయితే నిమిషానికి 1.7 లీటర్లు, అల్యూమినియం రకం అయితే 2.5. ఫ్లో తప్పితే సైక్లోన్ వేరే సైజు పొడిని పడుతుంది, అప్పుడు రిపోర్టు చిత్తు కాగితం. పంపుని షిఫ్టు ముందు, తర్వాత కూడా క్యాలిబ్రేట్ చేయాలి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకోటుంది. భోజనానికి వెళ్తూ సైక్లోన్‌ని తీసి తలకిందులుగా బల్ల మీద పెడతారు. కింద గ్రిట్ పాట్‌లో పడిన లావు పొడి ఫిల్టరు మీదకు ఒరిగిపోతుంది, అంకె ఎగిరిపోతుంది. ల్యాబుకి పంపేటప్పుడు రెస్పిరబుల్ డస్టు బరువు ఒక్కటే కాదు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో గానీ ఇన్‌ఫ్రారెడ్‌తో గానీ క్వార్ట్జ్ ఎంతో చెప్పాలని ఆర్డర్‌లోనే రాయాలి. లేకపోతే చవకగా బరువు తూచి పంపేస్తారు.

ఫెట్లింగ్: ముందు బ్లాస్టింగ్, తర్వాతే గ్రైండింగ్

శుభ్రమైన ఇనుమును గ్రైండ్ చేస్తే వచ్చేది ఇనుప పొడి, డిస్కు పొడి. సిలికా వచ్చేది కాస్టింగ్‌కి అంటుకున్న ఇసుక నుంచి. కాబట్టి ఫెట్లింగ్‌లో (కాస్టింగ్‌ని గీకి, గ్రైండ్ చేసి శుభ్రం చేసే పనిలో) మొదటి నియమం వరసకు సంబంధించింది: కాస్టింగ్ షాట్ బ్లాస్టింగ్ (ఉక్కు గుళ్లు విసిరి అంటుకున్న ఇసుక రాల్చడం) అయ్యాకే గ్రైండర్ దగ్గరికి రావాలి. చాలాచోట్ల రన్నర్, రైజర్ (పోత దారుల్లో మిగిలి కాస్టింగ్‌కి అంటి ఉండే అదనపు ఇనుము) కొట్టేసి, ఫ్లాష్ (అంచుల్లో మిగిలే పలచటి ఇనుము) గ్రైండ్ చేసి, చివర్లో మెరుపు కోసం బ్లాస్టింగ్ చేస్తారు. ఆ వరస తిరగేస్తే పైసా ఖర్చు లేకుండా ఫెట్లింగ్ షాపు సిలికా బాగా తగ్గుతుంది. రైజర్ పెద్దదై కాస్టింగ్ బ్లాస్టింగ్ మెషీన్‌లో పట్టదంటే రైజర్ మాత్రం కొట్టి లోపలికి పంపాలి, గ్రైండర్ పెట్టకూడదు. బ్లాస్టింగ్‌కి వాడేది స్టీల్ షాట్ అయ్యుండాలి. ఇసుకతో బ్లాస్టింగ్‌ని బ్రిటన్ ఫౌండ్రీల్లో 1949లోనే నిషేధించింది. మన దగ్గర ఇప్పటికీ జాబ్ వర్క్‌కి ఇచ్చేచోట అది కనిపిస్తే ఆ జాబ్ వర్కర్‌ని మార్చడం మేలు.

ఇంకా వెనక్కి వెళ్తే, ఇసుక ఎందుకు అంటుకుంటోంది? మౌల్డు సరిగా బిగవలేదు, పోత వేడి అవసరానికి మించి ఉంది, లావు ఇసుక వాడారు, కోర్‌కి పూత సరిగా పడలేదు. ఏది తప్పినా ఇనుము పలుకుల మధ్యకు దూరి గట్టి పొరలా పడుతుంది, అప్పుడు ఫెట్లర్ గంటలకొద్దీ గ్రైండర్ పట్టుకుంటాడు. ఇలా ఇనుము ఇసుకలోకి దూరడాన్ని, అంటే పెనిట్రేషన్‌ని, క్వాలిటీ సమస్యగానే చూస్తారు గానీ, దుమ్ము సమస్య కూడా అదే. ఏ పార్టుకి గ్రైండింగ్ టైమ్ ఎక్కువ పడుతోందో రాసి పెట్టుకుని ఆ మౌల్డుని సరిచేయడం, సక్షన్ బెంచీ కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

ఏజీ7 (ఏడంగుళాల చేతి) గ్రైండర్ డిస్కు అంచు వేగం సెకనుకు 80 మీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగంతో చిమ్మే పొడిని పక్కనుంచి లాగి పట్టే హుడ్డు ఎక్కడా లేదు. నిప్పురవ్వలు పోయే దిక్కునే హుడ్డు ఉండాలి, ఉండదంటే కాస్టింగ్‌ని తిప్పుకోవాలి. అందుకే వెనకనుంచి లాగే బూత్, అందులో తిరిగే బల్ల మంచి జంట. కింద జాలీలోంచి లాగే డౌన్‌డ్రాఫ్ట్ బెంచీ చిన్న కాస్టింగులకు బాగుంటుంది. పెద్ద కాస్టింగ్ పెడితే అదే జాలీని కప్పేస్తుంది, సక్షన్ పోయినట్టే. గ్రైండర్ మీదే తొడిగే ష్రౌడ్, దానికి సన్న గొట్టంతో హై వాక్యూమ్, చదును ముఖాలకు మంచి ఫలితమిస్తాయి. సందుల్లోకి, మూలల్లోకి పోవు. పెడెస్టల్ (నేల మీద నిలిపిన) గ్రైండర్‌కి పైన ఉండే టంగ్ గార్డు (కదిపి దించగల రేకు) చక్రానికి 6 మిల్లీమీటర్లలోపు ఉండాలి. చక్రం అరిగేకొద్దీ దాన్ని దించకపోతే చక్రంతో పాటు తిరిగే గాలి పొడిని హుడ్డులోంచి బయటికి తెచ్చి పనివాడి ముఖం మీద వదులుతుంది. వర్క్ రెస్ట్ (కాస్టింగ్ ఆనించే బల్ల) సందు 3 మిల్లీమీటర్లు.

కోర్ రంధ్రాల్లో మిగిలిన ఇసుకను కంప్రెసర్ గన్‌తో ఊదడం ఫెట్లింగ్ షాపులో అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఊదినవాడు కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పుకుంటాడు, పక్కవాడు పీలుస్తాడు. కాస్టింగ్‌ని బోర్లించి తట్టడం, వైబ్రేటర్ బల్ల, సన్న మూతి ఉన్న వాక్యూమ్ గొట్టం: ఈ మూడింటితో చాలామటుకు పని అవుతుంది. ఊదక తప్పని పార్టు ఉంటే దానికి మూసిన పెట్టె, చేతులు దూర్చే రంధ్రాలు, సక్షన్ ఉండాలి. సాయంత్రం బట్టలు దులుపుకోవడానికి కూడా అదే గన్ వాడతారు. ఆ గన్‌ని ఫెట్లింగ్‌లో లేకుండా చేయడమొక్కటే దానికి మందు. బోర్డు రాసి ప్రయోజనం లేదు.

నాకౌట్, తిరుగు ఇసుక

నేల మీదే పెట్టెలు విప్పి సుత్తితో కొట్టే షాపుల్లో మొదటి మార్పు టైముది. నాకౌట్ పోతకి, మౌల్డింగ్‌కి సమాంతరంగా జరగకుండా, మిగతావాళ్లు లేని వేళకి జరపాలి. ఆ పని చేసే ఇద్దరు ముగ్గురిని బాగా కాపాడుకోవచ్చు, మిగతా ముప్పైమందికి బెడద తప్పుతుంది.

రెండోది నీళ్లు. ఎండిన ఇసుకే లేస్తుంది. తిరిగి వచ్చే ఇసుకలో ఒకటిన్నర, రెండు శాతం తడి ఉంటే బెల్టు మీద, ఎలివేటర్‌లో దుమ్ము చాలా తగ్గుతుంది. 1 శాతం నీరు ఆవిరైతే ఇసుక వేడి సుమారు 25 డిగ్రీలు తగ్గుతుంది. 90 డిగ్రీల ఇసుక 45కి దిగాలంటే 2 శాతం దాకా నీరు ఆవిరికే పోతుంది, తడి కోసం వేసేది దాని మీద అదనం. ఈ లెక్క వేయకుండా చల్లితే నీళ్లు చల్లాం అన్న తృప్తే మిగులుతుంది, మల్లర్‌కి చేరేసరికి ఇసుక పొడిపొడిగానే ఉంటుంది. చల్లడం కాస్టింగ్ తీసేశాక, ఇసుక మీదే చేయాలి. లావు సెక్షన్ లోపల ఇంకా ద్రవం ఉన్నప్పుడు నీళ్లు తగిలితే ఆవిరి పేలుతుంది. పోత జరిగే చోట, ఫర్నేస్ పిట్ దగ్గర, లాడిల్ దారిలో దుమ్ము కోసం నేల తడపడం అసలు కుదరదు. అక్కడ వాక్యూమ్ ఒక్కటే దారి.

వైబ్రేటింగ్ షేకౌట్ (అదురుతూ ఇసుక రాల్చే జల్లెడ) ఉన్నచోట మూడు వైపులా, పైన రేకు మూసి, ముందు రబ్బరు కర్టెన్లు వేసి, తెరిచి ఉన్న సందు దగ్గర గాలి లోపలికి సెకనుకు 1 మీటరు వేగంతో పోయేలా లాగాలి. మూయకుండా పైన గొడుగు హుడ్డు వేలాడదీయడం మనవాళ్లకు ఇష్టమైన డిజైను. దుమ్ము ఆ గొడుగులోకి పోయే దారిలో పనివాడి తల ఉంటుంది. పైన పట్టాల మీద తిరిగే ఈఓటీ క్రేన్ ఆపరేటర్ ఉంటే ఆ వేడి దుమ్మంతా సరాసరి అతని క్యాబిన్‌లోకే. క్రేన్‌ని రిమోట్‌కి మార్చడం అతనికి చేసే పెద్ద మేలు.

లైనింగ్

ఫర్నేస్ లైనింగ్‌గా కొట్టి బిగించే ర్యామింగ్ మాస్ దాదాపు పూర్తిగా సిలికా, అందులో మంచి వాటా పిండి సైజే. కొట్టేసే పాత లైనింగ్‌లో క్రిస్టోబలైట్ కూడా ఉంటుంది. మనిషి సగం వంగి, బాగా చిన్న నోరున్న బావిలాంటి ఫర్నేస్‌లోకి చిప్పింగ్ హ్యామర్ పెడతాడు. దుమ్ము పోవడానికి ఉన్న దారి అతని ముఖమే.

అడుగున పుష్ అవుట్ బ్లాకు (లైనింగ్‌ని నెట్టే దిమ్మె) ఉన్న ఫర్నేస్ అయితే హైడ్రాలిక్ జాకీతో లైనింగ్‌ని ఒకే దిమ్మెగా బయటికి నెట్టేయవచ్చు. ఈ ఏర్పాటు ఉండి కూడా, జాకీ పాడైందనో సెట్టింగ్‌కి టైమ్ పడుతుందనో పక్కనపెట్టి చిప్పింగ్ చేసే షాపులు ఉన్నాయి. కొత్త ఫర్నేస్ కొంటున్నవాళ్లు దాన్ని ఆప్షన్‌గా చూడకూడదు. చిప్పింగ్ తప్పనిసరైతే ఫర్నేస్‌ని వంచి, మూతి అంచుకి ఆనుకుని సక్షన్ గొట్టం పెట్టాలి, పనివాడు గాలి లోపలికి వచ్చే పక్క నిలబడాలి. కాయిల్ ఉన్నచోట నీళ్లు గుమ్మరించి తడిపితే తర్వాత ఎర్త్ లీకేజీ అలారంతో తల పట్టుకోవాలి, కాబట్టి ఇక్కడ తడి మీద ఆశ పెట్టుకోకూడదు. కొత్త లైనింగ్ వేసేటప్పుడు బోరిక్ యాసిడ్‌ని నేల మీద పారతో కలిపే అలవాటు మానాలి. ప్రీమిక్స్ బస్తాలు దొరుకుతాయి. ఫార్మర్‌కి (లైనింగ్‌కి ఆకారమిచ్చే రేకు డబ్బా), కాయిల్‌కి మధ్య సందులోకి బస్తాని పైనుంచి కుమ్మరించకుండా, గరాటుకి గుడ్డ గొట్టం కట్టి అడుగుదాకా దించి పోస్తూ పైకి లాగితే దుమ్ము లేవదు, పైపెచ్చు సన్నం, లావు విడిపోకుండా మాస్ సమంగా పడుతుంది. ఖాళీ బస్తాల్ని దులపకుండా మడిచి సంచిలో వేయాలి.

మౌల్డింగ్‌లో ఒక్క విషయం మాత్రం: పార్టింగ్ పౌడర్, అంటే పాటర్న్ (అచ్చు నమూనా) ఇసుకకి అంటుకోకుండా చల్లే పొడి. సన్న సిలికా పొడినో, ఇటుక పొడినో గుడ్డ సంచిలో పోసి పాటర్న్ మీద తట్టడం ఇంకా ఉంది. సిలికా ఉన్న పార్టింగ్ పౌడర్లను బ్రిటన్ 1950లో నిషేధించింది. లిక్విడ్ పార్టింగ్ కానీ, సున్నపురాయి పొడి ఆధారంగా చేసినది కానీ వాడితే సరి. కోర్ పూతలో సిలికా పిండి బదులు జిర్కాన్ లేదా గ్రాఫైట్ రకం తీసుకోవాలి, స్ప్రే కంటే బ్రష్షు నయం.

ఇసుకే మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆలివిన్, జిర్కాన్, క్రోమైట్ సిలికా ఇసుక బదులు వాడేవి. ఆలివిన్‌లో స్వేచ్ఛా సిలికా దాదాపు ఉండదు, మాంగనీస్ స్టీలుకి అది సరైన ఇసుక కూడా. జిర్కాన్ ధర సిలికాకి ఎన్నో రెట్లు, పైగా బరువు రెట్టింపు దగ్గర ఉంటుంది కాబట్టి అదే పెట్టె నింపడానికి రెట్టింపు కిలోలు కావాలి. క్రోమైట్ తిరుగు సిలికా ఇసుకలో కలిస్తే మిశ్రమం వేడికి తట్టుకునే గుణం పడిపోతుంది. మామూలు గ్రే ఐరన్ జాబింగ్ షాపుకి ఇది ముందు అడుగు కాదు.

సక్షన్ ఉంది, పనిచేస్తోందా?

గొట్టం మూతి దగ్గర గాలి బలంగా లాగుతోంది కదా అని అరచెయ్యి పెట్టి చూపిస్తారు. లెక్క అక్కడ కాదు, పొడి పుట్టే చోట. గుండ్రటి మూతి నుంచి దాని వ్యాసమంత దూరం వెళ్లేసరికి గాలి వేగం పదోవంతు కంటే తక్కువకు పడిపోతుంది. 150 మిల్లీమీటర్ల గొట్టంతో, 150 మిల్లీమీటర్ల దూరంలో సెకనుకు 1 మీటరు వేగం కావాలంటే గంటకు సుమారు 875 ఘనమీటర్ల గాలి లాగాలి. అదే దూరం 300 అయితే 3,300 కావాలి. దూరం రెట్టింపైతే గాలి దాదాపు నాలుగు రెట్లు. పెద్ద మోటారు బిగించడం కంటే గొట్టాన్ని జానెడు ముందుకు జరపడం ఎప్పుడూ చవక. మూతి చుట్టూ రేకు ఫ్లాంజ్ వేస్తే అదే ఫలితానికి పావు వంతు గాలి తగ్గించుకోవచ్చు.

పరీక్షకి అగరుబత్తి చాలు. పొడి పుట్టే చోట పట్టుకుని పొగ ఎటు పోతుందో చూడాలి. ముందు మ్యాన్‌కూలర్ (పెద్ద స్టాండు ఫ్యాన్) ఆపి, తర్వాత వేసి చూడాలి. చాలాసార్లు హుడ్డులోకి చక్కగా పోతున్న పొగ మ్యాన్‌కూలర్ వేయగానే పక్క బెంచీ వైపు తిరుగుతుంది. ఎండాకాలం ఫ్యాన్ తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. దాని దిశ మార్చాలి. గాలి మనిషికి వెనకనుంచి వస్తే అతని ఒంటి ముందు సుడి ఏర్పడి దుమ్ముని ముఖం మీదకు లాగుతుంది. పక్కనుంచి, హుడ్డుకి అడ్డం పడకుండా రావాలి.

బ్లోయర్ మోటారు రీవైండింగ్‌కి వెళ్లి వచ్చాక రెండు ఫేజులు తారుమారైతే ఇంపెల్లర్ (లోపలి రెక్కల చక్రం) ఎదురు తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఎదురు తిరిగినా గాలిని అటే లాగుతుంది, కాకపోతే చాలా తక్కువ. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కేసింగ్ మీద బాణం గుర్తు, షాఫ్టు తిరిగే దిక్కు సరిపోల్చడానికి ఒక్క నిమిషం.

ప్రతి హుడ్డు తర్వాత డక్టులో మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ప్లాస్టిక్ ట్యూబులో రంగునీళ్లు పోసి యు ఆకారంలో కట్టి, ఆ రంధ్రానికి తగిలించి, కొత్తగా ఉన్నప్పటి రీడింగ్‌ని డక్టు మీదే పెయింటుతో రాయాలి. నీటి మట్టాల తేడా 50 మిల్లీమీటర్లు ఉండాల్సింది 25 చూపిస్తే గాలి సగానికి కాదు, 71 శాతానికి తగ్గినట్టు. గాలి వర్గమూలంతో పోతుంది. రీడింగ్ తగ్గితే తప్పు రంధ్రం అవతల, అంటే సంచులు మూసుకుపోవడమో, బెల్టు జారడమో, ఎవరో వేరే డ్యాంపర్ (డక్టులోని గాలి తలుపు) మొత్తం తెరవడమో. పెరిగితే తప్పు హుడ్డు మూతిలోనే, గుడ్డపీలికో రేకుముక్కో అడ్డం పడింది. డక్టులో వేగం సెకనుకు 18 నుంచి 20 మీటర్లు ఉండాలి. ఒరిజినల్ లెక్కలో లేని కొత్త బ్రాంచి తగిలిస్తే అన్నిట్లోనూ వేగం పడిపోయి ఇసుక డక్టు అడుగున పేరుకుంటుంది. వేలితో తడితే మోగకుండా మందంగా వినిపిస్తుంది.

బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచుల డస్ట్ కలెక్టర్) గేజ్ మామూలుగా 75 నుంచి 150 మిల్లీమీటర్ల నీటి మట్టం మధ్య ఆడాలి. అంతకు మించితే సంచులు బిగుసుకున్నాయి, ఉన్నట్టుండి బాగా తగ్గితే ఏదో సంచి చిరిగింది. షేకౌట్ ఆవిరి చల్లటి ఫిల్టర్‌లోకి పోతే సంచుల మీద బురద కడుతుంది, కాబట్టి పోతకి ముందే బ్లోయర్ వేసి ఉంచాలి. హాపర్ (పొడి పడే గరాటు) కింద పొడిని బహిరంగంగా గోనెలోకి వదలడం అంటే పట్టిన దాన్ని మళ్లీ వదిలినట్టే. గుడ్డ గొట్టంతో సంచి మూతి బిగించి దించాలి.

చీపురు, మాస్కు, ఎక్స్‌రే

పొడి చీపురు మానేసి అతి సన్నపొడిని ఆపే హెపా ఫిల్టరున్న ఇండస్ట్రియల్ వాక్యూమ్ పెట్టాలి. మామూలు వాక్యూమ్ అయితే సన్నపొడిని వెనకనుంచి ఊదేస్తుంది. ట్రస్సులు, క్రేన్ గర్డర్ల మీద పేరుకున్నదాన్ని కూడా లాగాలి, క్రేన్ కదిలినప్పుడల్లా రాలేది అదే.

ఇక మాస్కు. భారత ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం తయారైన ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు సరిగా కుదిరితే పీల్చే దుమ్ముని పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. 800 మైక్రోగ్రాముల లైనింగ్ పనిలో లోపల ఇంకా 80 ఉంటుంది. అలాంటి పనికి బ్యాటరీతో గాలి పంపే హుడ్ రకం కావాలి. దానికి 25 రెట్ల రక్షణ లెక్కిస్తారు, 32కి దిగుతుంది. గడ్డం ఉంటే బిగుతు మాస్కు పనిచేయదు. చెవులకి తగిలించే రకం వద్దు, తల వెనక రెండు పట్టీలు ఉండేదే తీసుకోవాలి, పై పట్టీ నడినెత్తి మీద ఉండాలి. తువ్వాలు, రుమాలు సిలికాకి అడ్డు కాదు.

సిలికోసిస్ మామూలుగా పది, పదిహేనేళ్లకి బయటపడుతుంది, మోతాదు ఎక్కువైతే ఐదేళ్లలోపే. వచ్చాక వెనక్కి పోదు, టీబీ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, మన ఆస్పత్రుల్లో ఒట్టి టీబీ అనుకుని మందులు వాడటం మామూలే. చేరేటప్పుడు ఒక ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సత్తా కొలిచే పరీక్ష), తర్వాత క్రమం తప్పకుండా. ఎక్స్‌రేని ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతిలో చదవగల డాక్టర్‌కే చూపించాలి. మన ఫెట్లింగ్ షాపుల్లో చాలామంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ కుర్రాళ్లు. నాలుగైదేళ్లు చేసి ఊరికి పోతారు, దగ్గు అక్కడ మొదలవుతుంది. ఏ పని, ఎన్నాళ్లు చేశాడో రాసిన కాగితం, ఎక్స్‌రే కాపీలు, ఈఎస్ఐ నంబరు మానేసిన రోజునే అతని చేతికివ్వాలి. పరిహారం అడగడానికి ఆ తర్వాత అతని దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.